మూల గది పాలపిల్లలు

ఆ వీధిలో అతన్ని అందరూ ‘పొదిగిన అల్లుడు’ అనేవారు. కోళ్ల ఫారం ముసలాయన చిన్నకూతురికి సంబంధాలు చూసి చూసి విసిగిపోయి, ఆఖరికి ఒకణ్ణి మెషిన్లో పెట్టి పొదిగించుకున్నాడని పాలవాడు పుట్టించిన మాట అది. బయట కనబడితే చాలు, "ఏం అల్లుడూ, పెంకు పూర్తిగా ఊడిందా?" అంటూ భుజం దులిపేవారు. అతనూ వాళ్లతో కలిసి నవ్వేవాడు. పెళ్లికి ముందు బట్టల కొట్లో గజాలు కొలిచిన మనిషి. బేరాలకొచ్చేవాళ్ల వెటకారానికి నవ్వడం అక్కడే అలవాటైంది. ఇల్లరికం వచ్చాక ఆ అలవాటు మరీ పనికొచ్చింది.

ఇల్లు ముందు, ఫారం వెనక. మధ్యలో రెండు గదులు. ఒకదాంట్లో గుడ్లు పొదిగే మెషిన్లు, రెండోదాంట్లో రేకు పరిచిన పొడవాటి బల్ల. పెరట్లో వరసగా నాలుగు కోళ్ల గదులు. ఆఖరిది ప్రహరీ మూలకి ఉండేది కాబట్టి దాన్ని మూల గది అనేవారు.

మామకి మోకాళ్లు అరిగిపోయాయి. కోళ్ల గదుల గడపలు ఎక్కి దిగలేక బల్ల దగ్గర చేతుల కుర్చీ వేయించుకున్నాడు. ఫారమంతా ఆ కుర్చీలోంచే నడిపేవాడు. పుట్టిన పిల్లని చేతిలోకి తీసుకుంటే దాని అమ్మానాన్నలు నిన్న ఏం తిన్నారో చెప్పగలడని కొనేవాళ్లలో నమ్మకం. వాళ్లు ఆయనకి పెట్టుకున్న పేరు రంగులాయన.

పనిలో చేరిన మొదటిరోజే మామ అల్లుణ్ణి బల్ల ముందు నిలబెట్టి చెప్పాడు.

"కోడిపిల్ల తోక కింద నొక్కి ఆడా మగా చెప్పేవాళ్లున్నారు. ఆ విద్య మనకెందుకు? ఎర్ర పుంజు, తెల్ల పెట్ట. కూతురు తండ్రి పోలిక, కొడుకు తల్లి పోలిక. నూగు ఇటుక రంగులో ఉందా, పెట్ట. పాల రంగులో ఉందా, పుంజు. చదువక్కర్లేదు, కళ్లుంటే చాలు. నీకున్నాయా?"

"ఉన్నాయండీ."

"అదృష్టం. పెద్దల్లుడికి అవీ లేవు."

వ్యాన్ కడుగుతున్న పెద్దల్లుడు కిటికీలోంచి నవ్వాడు. అతను చిన్నల్లుడికి తోడల్లుడు. కోళ్ల వాసన పడదు గానీ కోళ్లు అమ్మడం బాగా పడుతుంది. ఇంకో వీధిలో కాపురం, భోజనం మాత్రం రోజూ ఇక్కడే.

"ఇంకో మాట," అన్నాడు మామ. "ఇది ఒక్క తరం సంగతే. పాలరంగు పుంజు పైకి తల్లిలా తెల్లగా ఉంటాడు గానీ, తండ్రి ఎరుపు లోపల దాచుకునే ఉంటాడు. వాణ్ణి తెల్ల పెట్టల్లోకి వదిలితే కొడుకులంతా పాలరంగే. కూతుళ్లు మాత్రం సగం ఇటుక, సగం పాలు. ఇక రంగుకి పిచ్చెక్కినట్టే. అందుకే పాలపిల్ల ఒక్కటి కూడా మిగలకూడదు."

అల్లుడు తలూపాడు. పెద్దవాళ్లు చెప్పే సామెతకి ఎలా తలూపుతామో అలా.

ఇటుకపిల్లల్ని చిల్లులున్న అట్టపెట్టెల్లో సర్దితే తోడల్లుడు వ్యాన్లో తీసుకెళ్లేవాడు. పాలపిల్లలు పెరిగినా గుడ్లు పెట్టవు, కండా పట్టవు. వాటికోసం పెరటి తలుపు పక్కన సిమెంటు తొట్టి ఉంది. పిల్లల్ని వల సంచిలో పోసి, మూతి బిగించి, నీళ్లలో ముంచి, పైన బండ పెట్టాలి. నీళ్లమీద బుడగలు ఆగాక తీసి, వెనక గుంటలో బోర్లించాలి. అది చిన్నల్లుడి పని.

మొదటి వారమే అతను వంటింట్లోంచి మరిగిన నీళ్లు తెచ్చి తొట్టిలో కలుపుతుంటే మామ చూశాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"నీళ్లు చల్లగా ఉన్నాయండీ. గోరువెచ్చగా ఉంటే..."

"తలంటిపోసి తల కూడా తుడువు. జలుబు చేస్తుంది."

అన్నాడే గానీ ఆ వేణ్నీళ్లు మాన్పించలేదు. గ్యాసు దండగ అని కూడా అనలేదు. ఆ ఇంట్లో దయ ఆ రూపంలోనే ఉండేది. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు. ఒక్కోసారి లాక్కోకుండా ఊరుకుంటారు.

ఒకరోజు సంచి విప్పి గుంటలో బోర్లిస్తుంటే, తడిసి ముద్దైపోయిన పిల్లల మధ్య ఒకటి తల ఎత్తింది. ముక్కు తెరిచింది గానీ శబ్దం రాలేదు. అతను దాన్ని తీసుకుని తొట్టి వైపు నడిచాడు. సగం దూరంలో ఆగిపోయాడు. మొదటిసారి ముంచడం పని. అదే పిల్లని రెండోసారి ముంచడాన్ని ఏమనాలో అతనికి తెలియలేదు. జేబులో వేసుకున్నాడు. జేబు తడిసి, ఆ తడి నెమ్మదిగా వెచ్చబడింది.

తెల్ల పెట్టల్ని ఆ ఫారంలో పుట్టించరు. పిల్లలుగా ఉన్నప్పుడే వేరేచోట నుంచి తెప్పిస్తారు. ఆ వారమే వచ్చిన కొత్త పిల్లలు దీపం కింద గుంపుగా ఉన్నాయి. వాటి మధ్య వదిలాడు. పాలల్లో పాలు కలిసినట్టు కలిసిపోయింది. అవి పెరిగాక మూల గదికి మార్చారు. వాటితోపాటు అదీ వెళ్లింది. ఆ గదికి దాణా వేసేదీ గుడ్లు ఏరేదీ చిన్నల్లుడొక్కడే. తెల్లపుంజుని దాచడానికి తెల్లపెట్టల మధ్యకంటే మంచి చోటు లేదనుకున్నాడు. అది కూత మొదలుపెట్టాక రెండ్రోజులు భయపడ్డాడు. నాలుగు గదుల పుంజులు కలిసి కూస్తుంటే ఒక గొంతు ఎక్కువైందని ఎవరు కనిపెడతారు? ఇక అది పెట్టల్ని తొక్కి జత కడుతుందేమో అన్న ఆలోచన అతనికి రాలేదు. అక్కడ రెండు ఎర్ర పుంజులున్నాయి కదా, వాటిముందు ఇదెంత? అతని కళ్లకి అది ఇంకా జేబులో పట్టే పిల్లే. ఎవరూ లేనప్పుడు దాన్ని "ఏమయ్యా అల్లుడూ" అని పిలిచేవాడు. అది పరిగెత్తుకొచ్చి అతని చేతిలో గింజలు తినేది. ఆ ఫారంలో అతను పిలిస్తే పలికేది అదొక్కటే.

కొన్ని వారాలు బాగానే గడిచాయి.

ఏ గది గుడ్లు ఆ గది ట్రేలోనే పొదిగించడం మామ పద్ధతి. ఇటుకవీ పాలవీ కాస్త అటూ ఇటూ అవడం మామూలే. కానీ మూల గది ట్రేలో ఇటుకపిల్లలు వారం వారం పల్చబడుతూ వచ్చాయి. సగం ఉండాల్సింది మూడో వంతైంది, ఆనక నాలుగో వంతు. భోజనం చేసొచ్చాక మామ కుర్చీలోంచి ముందుకు వంగి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు.

అన్నది తోడల్లుడు, భోజనాల దగ్గర.

"మామయ్యా, మన ఫారంలో పిల్లి దూరుతోంది. మహా తెలివైన పిల్లి. ఆడపిల్లల్ని మాత్రమే తింటోంది."

"నాలుగు ట్రేలున్నాయి. మూల గది ట్రే మీదే పడిందేం?" అన్నాడు మామ తల ఎత్తకుండా.

"ఆఖర్న విప్పేది అదే కదా. అప్పటికి మనం చేతులు కడుక్కుని ఇక్కడ కూర్చుంటాం. బల్ల దగ్గర తమ్ముడొక్కడే ఉంటాడు."

వడ్డిస్తున్న చిన్నకూతురి గరిటె గాల్లో ఆగింది.

"నేను తియ్యలేదండీ," అన్నాడు చిన్నల్లుడు.

"నువ్వు తీశావని ఎవరన్నారు తమ్ముడూ? పిల్లి అన్నాను. నీకెందుకంత ఉలుకు?"

మామ చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"ఇప్పట్నుంచి మెషిన్ గది తాళం నా దగ్గరుంటుంది. వచ్చే ట్రే విప్పేటప్పుడు పెద్దల్లుడు నీ పక్కన నిలబడతాడు. ఇటుకపిల్లలు సగం వచ్చాయా, ఇన్నాళ్లూ ఎత్తుకెళ్లింది నువ్వే. బట్టలు సర్దుకుని వెళ్లిపో. నా కూతురు ఇక్కడే ఉంటుంది. రాలేదా, తప్పు ఇంకెక్కడో ఉంది, అప్పుడు చూద్దాం."

"నేనెందుకుంటాను నాన్నా?" అంది ఆమె.

"దొంగ వెంట వెళ్తావా?"

ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడం అతనికి మెడ వెనక చల్లగా తగిలింది.

భోజనం సగంలో వదిలేసి మూల గదికి వెళ్లాడు. మామూలుగా అయితే దాణా పోసి, గుడ్లు ఏరుకుని వచ్చేసేవాడు. ఆ పూట నిలబడి చూశాడు. ఎర్ర పుంజులు రెండూ దాణా తొట్టి కింద నక్కి ఉన్నాయి. ఒకదాని తురాయి చీలికలైపోయింది. రెండోదానికి ఒక కన్ను మూసుకుపోయి రసి కట్టింది. గది మధ్యలో తెల్లపుంజు ఒక పెట్టని తొక్కి దిగి, రెక్క దులిపి, ఇంకోదాని వెంట పడింది. ఒంటికన్నుది గింజకోసం తల బయటికి పెట్టగానే ఎగిరి వచ్చి అదే కంటి మీద పొడిచింది. చూడ్డానికి మాత్రం చాలా అందంగా ఉంది.

అతను ఖాళీ బకెట్ బోర్లించి దానిమీద కూర్చుండిపోయాడు. సామెత అనుకుని తలూపిన మాట అప్పుడు అర్థమైంది. కొడుకులంతా పాలరంగు. కూతుళ్లు సగం ఇటుక, సగం పాలు. ఇటుకవన్నీ పెట్టలే, అందుకే కొన్నవాళ్లెవరూ గొడవ చెయ్యలేదు. మిగతా సగం కూతుళ్లు పాలపిల్లల్లో కలిసి సంచిలోకి వెళ్లాయి. ప్రతి వారం. ముంచింది అతనే. వేణ్నీళ్లు కలిపి మరీ.

తెల్లపుంజు వచ్చి అతని చెప్పు మీద పొడిచింది. గింజలకి.

పెరట్లో తీగమీంచి బట్టలు తీస్తున్న భార్యకి అంతా చెప్పాడు. ఆమె ఒక దుప్పటి మడత పెట్టడం పూర్తిచేసి అడిగింది.

"ఇప్పుడు మెషిన్లో ఉన్నవి ఆ పుంజు గుడ్లేనా?"

"అవే."

"అయితే ఈసారీ ఇటుకవి తక్కువే వస్తాయి."

"వస్తాయి."

"మీరు దొంగ కాదని తేలిపోతుంది."

"తేలుతుంది. కానీ ఆ పాలవాటిలో మూడో వంతు..."

"తేలాక ఆ పుంజుని కోసెయ్యండి. ఎవరికీ తెలీదు."

"మూడో వంతు పెట్టలే ఉంటాయి."

ఆమె దుప్పటిని అతని చేతుల్లో పెట్టింది. "అక్క నాతో ఏమందో తెలుసా? మా ఆయన బయటివాళ్ల దగ్గర కొట్టేస్తాడు, మీ ఆయన ఇంట్లోనే మొదలెట్టాడు అంది. నవ్వుతూ అంది. నేనూ నవ్వాను. నాకు మీ అంత బాగా నవ్వడం రాదు."

"మీ నాన్నకి ఇప్పుడే చెప్పేస్తే?"

"మీ మీద దొంగ అన్న మాట ఉండగానా? తప్పించుకోడానికి పుంజు కథ అల్లాడంటాడు బావ. ఆ పుంజుని కూడా ఇవాళే ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టారంటాడు." ఆమె గొంతు తగ్గించింది. "కోడిపిల్లలండీ. ఇన్నాళ్లూ తొట్టిలో పోశారు. ఇంకొక్కసారి."

"ఇన్నాళ్లూ తెలీదు."

"ఇప్పుడూ తెలీదనుకోండి."

ట్రే విప్పే రోజు తోడల్లుడు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. చిన్నల్లుడి జేబులు తిరగేయించాడు. చొక్కా చేతులు మోచేతిపైకి మడిపించాడు. ప్యాంటు అంచులు విప్పించి దులిపించాడు.

"నోరు కూడా తెరువు తమ్ముడూ. దవడలో ఒకటి పడుతుంది."

తెరిచాడు. తోడల్లుడు నిజంగానే వంగి చూశాడు.

"చాలు," అన్నాడు మామ. మెషిన్ తాళం తీసి ఇచ్చాడు.

ట్రే బల్లమీదికి వచ్చింది. కొన్ని నూగు ఆరి బంతుల్లా ఉన్నాయి. కొన్ని ఇంకా తడిగా, కాళ్లు నిలదొక్కుకోలేక ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఒకదాని వీపుకి పెంకు ముక్క అంటుకుని ఉంది. అతను గోటితో మెల్లిగా దాన్ని వలిచి, పిల్లని ఎడమవైపు పెట్టాడు. ఎడమవైపు పాలవి, కుడివైపు ఇటుకవి. తోడల్లుడు మొదట్లో కుడివైపే చూస్తూ వేళ్లు మడిచాడు. కాసేపటికి మడవడం మానేశాడు. ఎడమవైపు బల్ల అంచుదాకా నిండిపోయింది. కుడివైపు రేకు కనిపిస్తోంది.

చేతిలోకి వచ్చిన ప్రతి పాలపిల్లనీ చిన్నల్లుడు ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అదే నూగు, అదే కన్ను, అదే అరుపు.

"ఏంటి తమ్ముడూ, తూకం వేస్తున్నావా?"

చివరిది కూడా ఎడమవైపే వెళ్లింది. మామ రెండు వైపులా చాలాసేపు చూశాడు.

"నువ్వు కాదు," అన్నాడు.

అంతే. తప్పుగా అనుకున్నాననో, బాధపడొద్దనో ఏమీ లేదు. కానీ తన ముందున్న మంచినీళ్ల గ్లాసుని రెండు వేళ్లతో అల్లుడి వైపు జరిపాడు. పెళ్లయ్యాక ఆయన అతనికి అందించిన మొదటి వస్తువు అది.

"నేను కాపలా ఉన్నానని ఇవాళ మానేశాడేమో మామయ్యా," అన్నాడు తోడల్లుడు.

"మానేస్తే ఎక్కువ రావాలి కదయ్యా. బుర్ర వ్యాన్లో వదిలొచ్చావా?"

పెరటి తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. చేతిలో పొగలు కక్కుతున్న గిన్నె. ఎవరూ అడక్కుండానే నీళ్లు కాచి తెచ్చింది. అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె గిన్నెలోకి చూసింది.

అతను పాలపిల్లల్ని సంచిలోకి ఎత్తాడు. మూతి బిగించాడు. తొట్టిలో వేణ్నీళ్లు కలిపి, వేలు పెట్టి చూశాడు. ముంచాడు. బండ పెట్టాడు. సంచిలోంచి వచ్చిన చప్పుడు ఎప్పుడూ వచ్చేదే. ఎప్పుడూ ఉండేంతసేపే ఉంది.

తడి చేతులతో లోపలికి వచ్చేసరికి మామ కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నాడు.

"కోళ్లలో ఆడా మగా తేల్చేది పెట్టే," అన్నాడు. "పుంజుది కాదు తప్పు. ఆ గదిలో పెట్టల రక్తం చెడింది, మగపిల్లల్నే కంటున్నాయి. వాటిని ఉంచుకుని లాభం లేదు. పెద్దల్లుడూ, మాంసం కొట్టువాణ్ణి రమ్మను. గది మొత్తం తీసుకుపొమ్మను."

"ఇవాళేనా?"

"రోగం ఇంట్లో ఉంచుకుని ముహూర్తం చూస్తామా?"

చిన్నల్లుడు గోడకి ఆనుకున్నాడు. ఆ గది పెట్టల్లో ఒకటి రోజూ అతను బకెట్ దించగానే వచ్చి పాదం మీద కూర్చునేది. దాన్ని కదిలించలేక అతను ఒంటికాలిమీద దాణా పోసేవాడు. అదొక్కటే కాదు, అన్నీ మంచి పెట్టలు.

"పెట్టల తప్పు లేదండీ," అన్నాడు.

"ఏవండీ," అంది భార్య వెనకనుంచి.

"గదిలో ఒక తెల్లపుంజు ఉంది. తొట్టిలో చావకుండా మిగిలింది. నేనే పెంచాను."

తోడల్లుడు పెద్దగా నవ్వబోయి, మామ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

"తీసుకురా," అన్నాడు మామ.

పట్టుకోబోతే పుంజు అతని ముంజేతిమీద రెండుచోట్ల చీల్చింది. రక్తం కారుతుంటే అలాగే చంకలో పెట్టుకుని తెచ్చాడు. మామ దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. ఆయన చేతుల్లో అది ఒక్కసారిగా సద్దుమణిగింది. రెక్క విప్పి, భుజం దగ్గర ఈకలు పాయలు తీసి చూశాడు. తెలుపు కింద పల్చగా ఎరుపు.

"ఎంత బాగా పెరిగావురా," అన్నాడు పుంజుతో. ఆ గొంతు ఆయన కూతుళ్లు కూడా విని ఉండరు. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు. "సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మీరు తాళం తీసుకున్నరోజే."

"అంటే ఇందాక తొట్టిలో ముంచేటప్పుడు తెలుసు."

"తెలుసండీ."

"వాటిలో పెట్టలున్నాయని తెలుసు."

"తెలుసు."

మామ కుర్చీలో వెనక్కి జరిగాడు. బల్లకిందకి చాపుకున్న కాళ్లు, మోకాళ్లు నొప్పెడుతున్నా సరే, దగ్గరికి లాక్కున్నాడు.

"నేను ఎన్ని పోశానో నాకే తెలీదు. నీ పుట్టుక ముందునుంచీ పోస్తున్నాను. పెట్ట అని తెలిసి ఒక్కదాన్ని పొయ్యలేదు. నువ్వు దొంగవైనా బాగుండేదయ్యా. దొంగ ఎత్తుకెళ్లిన పిల్ల ఎక్కడో ఒకచోట బతికుంటుంది."

తోడల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అతనికి ఏ హాస్యమూ తట్టలేదు.

"నేనే పొయ్యమన్నాను నాన్నా," అంది కూతురు. "ఆయన చెప్తానన్నారు. నేనే వద్దన్నాను."

"నువ్వు నా కూతురివి. నీకా మాట రావడంలో వింతేముంది?" అన్నాడు మామ. "వీడు వేణ్నీళ్లు కాచే మనిషి అనుకున్నాను."

అల్లుణ్ణి ఆయన ‘వీడు’ అనడం అదే మొదలు. మళ్లీ మారలేదు.

"మూల గది పెట్టలు ఇక్కడే ఉంటాయి," అన్నాడు మామ. "దీన్ని నువ్వే కొయ్యి. మెషిన్లో ఆ గది ట్రేలు ఇంకా ఉన్నాయి. పుంజు పోయినా పెట్టల్లో దాని ప్రభావం ఇంకొన్నాళ్లు ఉంటుంది. వచ్చే గుడ్లు ఇంట్లో తినేద్దాం. మెషిన్లో ఉన్నవి మాత్రం పొదగనివ్వు."

"వాటినీ తీసి పారేద్దామండీ. కొన్నిట్లో ఇంకా ప్రాణం కూడా..."

"ఎందుకు పారెయ్యడం? ఇటుకవన్నీ పెట్టలేగా. కొన్నవాడికి మోసం లేదు. పాలవి ఎప్పట్లాగే."

"పాలవాటిని ఒక నెల పెంచితే తురాయిల్ని బట్టి ఏరొచ్చు కదండీ. దాణా నేను..."

"నీదంటూ దాణా ఎక్కడుందయ్యా?"

పెరట్లో కోళ్లు సందడిగా ఉన్నాయి.

"ఆ పాలవాటినీ నువ్వే పోస్తావు," అన్నాడు మామ. "తెలిసే పోస్తావు. అలవాటైందిగా. ఇల్లు వదిలి పొమ్మనడం లేదు నిన్ను. దొంగవి కాదని నేనే అన్నాను."

పుంజుని అతను పెరటి గోడ పక్కన కోశాడు. అది అతని చేతుల్లోకి తనంతట తనే వచ్చింది, గింజలకి.

తర్వాతి ట్రే విప్పిననాడు తోడల్లుడు రాలేదు. కాపలాకి పని లేదు. మామ మాత్రం కుర్చీలో ముందుకు వంగి, పిల్లల్ని కాదు, అల్లుడి చేతుల్ని చూస్తూ కూర్చున్నాడు. అతను తొందరగా ఏరాడు. పాలవి రెండు సంచులకి వచ్చాయి. మొదటి సంచి తీసుకుని పెరట్లోకి నడిచాడు.

తొట్టి దగ్గర భార్య ఉంది. జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, గాజులు మోచేతిదాకా తోసుకుని.

"ఇలా ఇవ్వండి."

"మీ నాన్న చూస్తున్నారు."

"చూడనీ."

ఆమె అతని చేతిలోంచి సంచి తీసుకుంది. మూతి ముడి ఒకసారి లాగి చూసి ముంచింది. బండ ఎత్తలేక ముందు మోకాలిమీద పెట్టుకుని, అక్కణ్ణుంచి సంచిమీదికి దొర్లించింది. తర్వాత ఏంచెయ్యాలో ఆమెకి తెలియలేదు. తీగమీది బట్టలు ఆరాయేమో అన్నట్టు అటు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదలడం లేదు. మెడమీద నరం ఒక్కటే కొట్టుకుంటోంది.

ఆ సంచి అతను లాక్కోవచ్చు. చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. అతను తన అరచేతులు చూసుకున్నాడు. అవి పొడిగా ఉన్నాయి. చాలారోజుల తర్వాత ఊపిరి కిందిదాకా అందింది. అది ఆమెమీద జాలి కాదు, సిగ్గు కాదు. వట్టి హాయి.

లోపలికి వచ్చాడు.

"ఎవరు ముంచారు?" అన్నాడు మామ.

"తనే."

మామ చాలాసేపు పెరటి తలుపు వైపు చూశాడు. ఆయన మొహంలో ఏదో మెత్తబడినట్టు కనిపించింది. అంతలోనే పోయింది.

"ఇకమీద బల్ల దగ్గర దాన్నే కూర్చోమను. రంగులు నేను నేర్పుతాను. నువ్వు దాణా చూసుకో."

"సరేనండీ," అన్నాడు అతను. ఆ మాట అంత త్వరగా వస్తుందని అతనూ అనుకోలేదు.

"రెండోది తెస్తున్నారా?" పెరట్లోంచి ఆమె కేకేసింది. గొంతు మామూలుగానే ఉంది. ఆరేసిన బట్టలకి క్లిప్పులు అడిగినట్టుంది.

బల్లమీద రెండో సంచి మెదులుతోంది. అతను దాని మూతి గట్టిగా బిగించి, తీసుకెళ్లి ఆమెకి అందించాడు.